చిన్న ట్రస్టు అసలు సొమ్ము కరగకుండా ఉండాలంటే

తిరుపతిలో పేద పిల్లలకు కాలేజీ ఫీజులు కట్టే ఒక చిన్న ట్రస్టు లెక్కలు నేనే చూస్తాను. కొత్తగా ట్రస్టు పెట్టేవాళ్లు ఎంతమందికి సాయం చేయొచ్చని అడుగుతారు. ఎన్నేళ్లు చేయగలం అన్నది ముందు తేల్చుకోండి. కొండమీద అన్నదానం 1985లో మొదలైంది. దాతలిచ్చిన సొమ్ము బ్యాంకులో ఉంటుంది, దాని వడ్డీతో భోజనాలు పెడతారు. మనకూ అదే దారి.

20 లక్షల కార్పస్, అంటే కదపకుండా ఉంచే అసలు సొమ్ము, ఉందనుకుందాం. 7 శాతం వడ్డీకి ఏడాదికి 1,40,000 వస్తుంది. పన్ను మినహాయింపు నిలవాలంటే మామూలుగా అందులో 85 శాతం ఆ ఏడాదే ట్రస్టు పనికి ఖర్చు పెట్టాలి. షరతుల్లేకుండా మిగుల్చుకోగలిగేది 15 శాతం, అంటే 21,000. ఫీజులు ఏటా 6 శాతం పెరుగుతుంటే కార్పస్ కూడా ఏటా అంతే శాతం, అంటే మొదటి ఏడాది 1,20,000 పెరగాలి. ఆ తేడా, దాదాపు లక్ష, కొత్త దాతల నుంచే రావాలి. ఏటా ఆ తేడా కోసం గట్టిగా తిరగాల్సిందే.

కార్పస్‌కి ఇచ్చే ప్రతి దాతతోనూ ఒక ఉత్తరం రాయించుకోండి. ‘ఈ 25,000 రూపాయలు ట్రస్టు కార్పస్‌కే ఇస్తున్నాను, దీని మీద వడ్డీ మాత్రమే వాడాలి’ అని, తేదీ, సంతకంతో. ఆ కాగితం లేకపోతే అది మామూలు విరాళం కిందికి వస్తుంది, 85 శాతం లెక్కలో పడుతుంది. 2,000 దాటిన నగదు విరాళానికి దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు కాబట్టి చెక్కో, యూపీఐయో అడగండి.

తెలిసినవాళ్లు నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తామంటారు. ఎంత మంచివాళ్లైనా ఇవ్వకండి. ట్రస్టు సొమ్ము ఎక్కడ పెట్టాలో చట్టంలోనే ఉంది, అది దాటితే పన్ను మినహాయింపుకే ఎసరు. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. అందుకే ఐదు బ్యాంకుల్లో నాలుగేసి లక్షలు వేసి, ఏటా ఒక ఎఫ్‌డీ గడువు తీరేలా పెట్టుకుంటే వడ్డీ రేటు పడిపోయినా ఆదాయం ఒక్కసారిగా తగ్గదు.

జూన్‌లో కొత్త అప్లికేషన్లు తెరవకముందే, ఇప్పటికే చదువుతున్న పిల్లలకు కోర్సు అయ్యేదాకా కట్టాల్సిన ఫీజులన్నీ ఏడాదివారీగా రాసుకోండి. ఇంటర్ మొదటి ఏడాదికి కట్టి, రెండో ఏడాది చేతులెత్తేస్తే ఆ పిల్ల చదువు మధ్యలో ఆగిపోతుంది. వాళ్లకు పోగా మిగిలిన సొమ్ముతోనే కొత్తవాళ్లను తీసుకోండి, అది ఒక్కరికే సరిపోయినా సరే.