నీల్ ద్వీపంలో నాలుగు రోజులు: తక్కువ ఖర్చుతో వెళ్లి రావాలనుకునేవారికి

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలో, హ్యావ్‌లాక్ దీవికి దక్షిణంగా, నీల్ అనే చిన్న దీవి ఉన్నది. 2011 జనాభా లెక్కల నాటికి అక్కడ మూడు వేల పైచిలుకు మనుషులు నివసిస్తున్నారు. 2018 డిసెంబరు 30న ప్రభుత్వం ఈ దీవికి షహీద్ ద్వీప్ అనీ, హ్యావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ పేర్లు మార్చింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. జనం నోట ఇప్పటికీ పాత పేర్లే వినిపిస్తాయి గానీ, టికెట్ల మీదా ప్రభుత్వ పత్రాల మీదా కొత్త పేర్లు ఉంటాయి కనుక రెండూ తెలిసి ఉండటం మంచిది.

అండమాన్‌కు వెళ్లేవారిలో చాలామంది నీల్‌కు ఒక్క పూట కేటాయిస్తారు. ఉదయం బోటు దిగి, కారు మాట్లాడుకుని, మూడు తీరాలు చూసి, సాయంత్రం బోటెక్కుతారు. ఆ పద్ధతిలో దీవి సరిగా కనిపించదు, పైగా రోజు లెక్కన చూస్తే అంతకన్నా ఖరీదైన పద్ధతి మరొకటి లేదు. నా అనుభవంలో ఇక్కడ డబ్బు మిగిలేది బేరమాడటం వల్ల కాదు. చేతిలో రోజులు ఉంచుకుని, బోటు వేళలకూ సముద్రపు పోటుపాట్లకూ అనుగుణంగా మన పనులు సర్దుకోవడం వల్ల మిగులుతుంది. అందుకే నీల్‌లో కనీసం మూడు రాత్రులు ఉండేలా, తిరుగు ప్రయాణానికి ముందు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రోజు ఖాళీగా మిగిలేలా ప్రణాళిక వేసుకోమని నా సలహా.

మన ప్రాంతం నుంచి పోర్ట్ బ్లెయిర్ చేరడానికి రెండు దారులున్నాయి. హైదరాబాద్ నుంచి గానీ, చెన్నై మీదుగా గానీ విమానంలో వెళ్లవచ్చు. రెండు మూడు నెలల ముందే టికెట్ కొంటే ఈ దారి భరించదగినదే. రెండవది ఓడ దారి. చెన్నై, కోల్‌కతా రేవులతో పాటు విశాఖపట్నం నుంచి కూడా పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో రేవుకు ప్రయాణికుల ఓడ నడుస్తుంది. విశాఖ ఓడ తక్కువసార్లే బయలుదేరుతుంది, ప్రయాణానికి రెండున్నర రోజుల దాకా పడుతుంది. బంక్ తరగతిలో పెద్ద హాలులో వరుసగా పడకలు ఉంటాయి, భోజనానికి విడిగా చెల్లించాలి. వాతావరణాన్ని బట్టి బయలుదేరే తేదీ మారవచ్చు కూడా. వారం రోజుల సెలవు మాత్రమే ఉన్న ఉద్యోగికి ఈ దారి పనికిరాదు. నెల రోజులు తీరిక ఉన్నవారు మాత్రం వెళ్లేటప్పుడు ఓడలోనూ వచ్చేటప్పుడు విమానంలోనూ ప్రయాణిస్తే, దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం ఎంత విశాలమైనదో కళ్లారా చూస్తారు.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన తెలుగువారికి పరాయి ఊరిలో ఉన్నామనే బెరుకు త్వరగానే పోతుంది. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో దాదాపు 13 శాతం మందికి మాతృభాష తెలుగే. వారిలో చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. చేపల బజారులోనూ, రేవు దగ్గరి టీ దుకాణాల్లోనూ ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది. బోటు వేళల గురించీ చవక భోజనం గురించీ వారిని అడిగితే ఫోనులో వెతికినదానికన్నా నమ్మదగిన జవాబు దొరుకుతుంది.

పోర్ట్ బ్లెయిర్ నుంచి నీల్‌కు ప్రభుత్వ నౌకాయాన విభాగం నడిపే బోట్లున్నాయి, ప్రైవేటు బోట్లూ ఉన్నాయి. జనం డీఎస్‌ఎస్ అని పిలిచే ప్రభుత్వ విభాగం బోట్లు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయలుదేరి దాదాపు రెండు గంటల్లో చేరుస్తాయి. ప్రైవేటు బోటు టికెట్టుకు వెయ్యి రూపాయల పైనే అవుతుంది, ప్రభుత్వ బోటుకు అంతకన్నా బాగా తక్కువ. అయితే ఈ ప్రభుత్వ బోటు పర్యాటకుల కోసం పుట్టినది కాదు. నీల్‌లో పండిన కూరగాయలు, ఆసుపత్రికి వెళ్లే రోగులు, పరీక్షలకు వెళ్లే పిల్లలు అందరూ అందులోనే ప్రయాణిస్తారు. ద్వీపవాసులకు ఛార్జీ తక్కువ, మనకు ఎక్కువ. అది న్యాయమే. సీట్లు త్వరగా నిండిపోతాయి కనుక పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన రోజునే గుర్తింపు కార్డు చూపి వెళ్లే టికెట్టూ తిరిగి వచ్చే టికెట్టూ రెండూ కొనుక్కోవాలి. ఆన్‌లైన్‌లో దొరికితే ఇంటి నుంచే కొనవచ్చు. అవి దొరకకపోయినప్పుడు మాత్రమే ప్రైవేటు బోటు వైపు చూడండి.

ప్రభుత్వ బోటులో డబ్బుతో సంబంధం లేని మరొక మేలు కూడా ఉన్నది. ప్రైవేటు బోట్లలో చాలావరకు అద్దాలు బిగించిన ఏసీ గదిలో కూర్చోవాలి, పాత ప్రభుత్వ బోట్లలోనైతే పై డెక్ మీద గాలి తగిలేలా నిలబడవచ్చు. కడుపులో తిప్పేవారికి ఆ గాలి ఎంతో ఉపశమనం. బోటు ఎక్కడానికి అరగంట ముందు వాంతులు రాకుండా మాత్ర వేసుకుని, తేలికగా తిని, బోటు మధ్యభాగంలో కూర్చుని, దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీత వైపు చూస్తూ ఉంటే చాలావరకు ఇబ్బంది తగ్గుతుంది.

ఏ కాలంలో వెళ్లాలనే ప్రశ్నకు నా జవాబు ఫిబ్రవరి, మార్చి నెలలు. ఈ దీవులకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తగులుతాయి, ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన కురుస్తుంది. మే నుంచి సెప్టెంబరు వరకు గదులు చవకగా దొరికినా, బోట్లు ఆగిపోయి చిక్కుకుపోయే ప్రమాదం ఉన్నది. దసరా రోజుల్లోనూ, డిసెంబరు చివరి పక్షంలోనూ కోల్‌కతా వైపు నుంచీ అన్ని నగరాల నుంచీ జనం పోటెత్తుతారు కనుక గదుల అద్దె బాగా పెరుగుతుంది. ఫిబ్రవరి మొదలుకొని సముద్రం నెమ్మదిస్తుంది, నీరు తేటపడుతుంది, అద్దెలు దిగుతాయి. ఎండ మాత్రం ముదురుతుంది.

బోటు భరత్‌పూర్ జెట్టీలో ఆగుతుంది. అక్కడి నుంచి నీల్ కేంద్ర అనే బజారు నడకదూరంలోనే ఉన్నది. జెట్టీ బయట ఆటోలవారు, కార్లవారు దీవి మొత్తం చూపిస్తామని ముందుకు వస్తారు. బరువైన సామాను లేనివారు మర్యాదగా వద్దని చెప్పి బజారుకు నడిచి వెళ్లి, రెండు మూడు గదులు స్వయంగా చూసి ఒకటి తీసుకోవచ్చు. రద్దీ నెలల్లో ఈ పద్ధతి పనికిరాదు, ముందే ఫోను చేసి గది ఖాయం చేసుకోవాలి. సముద్రం ఎదుట ఉన్న రిసార్టులకన్నా బజారు చుట్టుపక్కల ఇళ్లలో ఇచ్చే గదులు, ఫ్యాను మాత్రమే ఉన్న వెదురు కుటీరాలు చాలా చవక. ఏ తీరానికైనా కొద్ది నిమిషాల్లో చేరగల దీవిలో సముద్రం కనబడే కిటికీ కోసం రెండింతలు ఇవ్వవలసిన అవసరం నాకు కనిపించలేదు. గది చూసేటప్పుడు దోమతెర ఉన్నదా, నీళ్లు ఏ వేళల్లో వస్తాయి అని తప్పక అడగండి. ఇంత చిన్న దీవిలో మంచినీటికి వానే ఆధారం, ఎండాకాలంలో బావులు అడుగంటుతాయి. మనం షవరు కింద పది నిమిషాలు నిలబడితే ఆ నీరు పక్కింటివారి బిందె నుంచి వచ్చినట్లే లెక్క. ఒక బకెట్టుతో స్నానం ముగించడం ఇక్కడ పొదుపు మాత్రమే కాదు, మర్యాద కూడా.

తిరగడానికి సైకిలుకు మించినది లేదు. జెట్టీ నుంచి లక్ష్మణ్‌పూర్ తీరం దాదాపు రెండు కిలోమీటర్లు, తూర్పు కొసన ఉన్న సీతాపూర్ దాదాపు ఐదు కిలోమీటర్లు. దారి పొడవునా వరిపొలాలు, అరటి, పోక తోటలు, కూరగాయల మడులు. బజారులో సైకిళ్లు రోజు అద్దెకు ఇస్తారు, బ్రేకులూ గాలీ చూసుకుని తీసుకోండి. స్కూటర్లూ దొరుకుతాయి గానీ లైసెన్సు చూపాలి, అద్దె కొన్ని రెట్లు ఎక్కువ. ఊళ్ల పేర్లు వింటే మన తెలుగు పాఠకులకు ముచ్చట వేస్తుంది: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. 1960 దశకంలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకు ఇక్కడ భూమి ఇచ్చి స్థిరపరచారు. అలా వెలసిన ఊళ్లకే ఈ రామాయణపు పేర్లు. పక్కనున్న హ్యావ్‌లాక్‌లో గోవింద్‌నగర్, రాధానగర్, కృష్ణనగర్ అని కృష్ణుడి పేర్లు వినిపిస్తాయి.

ఇక్కడి వేళలు మనవాటికన్నా ముందుగా నడుస్తాయని గుర్తుంచుకోవాలి. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు చేరువగా పోతుంది, నీల్ దాదాపు 93 డిగ్రీల దగ్గర ఉన్నది. అంటే అదే గడియారం మీద సూర్యుడు నలభై నిమిషాలకు పైగా ముందు నడుస్తాడు. శీతాకాలంలో సాయంత్రం ఐదు, ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. ఆరు గంటలకు సూర్యాస్తమయం చూద్దామని తీరికగా బయలుదేరినవారు లక్ష్మణ్‌పూర్‌లో చీకటినే చూస్తారు. తెల్లవారుజామున లేచి సీతాపూర్‌లో సూర్యోదయం చూడటం, ఎండ ముదిరాక తొమ్మిదింటికల్లా గదికి చేరి తిని పడుకోవడం, మూడింటికి మళ్లీ బయలుదేరడం అనే క్రమం నాకు బాగా కుదిరింది. చీకటి పడ్డాక దారుల్లో వెలుతురు తక్కువ, కరెంటు కూడా పోతూ ఉంటుంది కనుక టార్చిలైటు వెంట ఉండాలి.

సూర్యుడికన్నా ముఖ్యమైన గడియారం సముద్రానిది. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు, అంటే నీరు వెనక్కు తీయడం, జరుగుతుంది. ఒకదానికీ మరొకదానికీ మధ్య ఆరు గంటలకు కొద్దిగా ఎక్కువ, ప్రతిరోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పౌర్ణమి రోజులకు అటూ ఇటూ పోటూ పెద్దదే, పాటూ పెద్దదే. ఈ లెక్క తెలియక వచ్చినవారు నీల్‌లో నిరాశ పడతారు. భరత్‌పూర్‌లో నీరు తీసినప్పుడు పగడపు రాళ్లు బయటపడి ఈతకు వీలుండదు, పోటులో అదే తీరం పచ్చని గాజులా నిండి ఉంటుంది. లక్ష్మణ్‌పూర్‌లోని రెండవ తీరంలో సహజమైన రాతి వంతెన ఉన్నది. బెంగాలీ రైతులు దానికి ముద్దుగా హౌరా బ్రిడ్జి అని పేరు పెట్టుకున్నారు. అక్కడికి మాత్రం నీరు తీసినప్పుడే వెళ్లగలం. కనుక మొదటి రోజే గది యజమానిని రేపటి పాటు ఎన్ని గంటలకో అడిగి రాసుకోండి. నీరు అన్నిటికన్నా కిందికి దిగే సమయానికి గంట ముందు వంతెన వైపు బయలుదేరి, నీరు తిరిగి ఎక్కడం మొదలవగానే వెనక్కు వచ్చేయాలి. రాళ్లు పాచిపట్టి జారుతాయి, అంచులు కోసుకుంటాయి కనుక వెనక పట్టీ ఉన్న గట్టి చెప్పులు కావాలి. దారిలోని నీటి గుంటల్లో నక్షత్ర చేపలు, సముద్రపు దోసకాయలు, రంగుల పీతలు కనిపిస్తాయి. స్థానిక గైడు ఇవన్నీ వెతికి చూపిస్తాడు. ఈ ప్రయాణం మొత్తంలో నేను సంతోషంగా పెట్టిన ఖర్చుల్లో గైడుకు ఇచ్చినది ఒకటి.

పగడాలు రాళ్లలా కనిపించినా ప్రాణమున్న జీవులు. వాటి మీద నిలబడకూడదు, ముక్క విరవకూడదు. భరత్‌పూర్‌లో స్నార్కెలింగ్‌కు (నోట గొట్టంతో ఊపిరి పీలుస్తూ, నీటి మీద తేలుతూ అడుగును చూడటం), అడుగున అద్దం ఉన్న పడవలకు డబ్బు పెట్టగలిగితే ఒక్కదానికే పెట్టండి. ఈత కొద్దిగా వచ్చినవారు లైఫ్‌జాకెట్‌తో స్నార్కెలింగ్‌కే వెళ్లడం నా ఎంపిక. ఒంటరిగా, మనుషులు లేని చోట నీటిలో దిగవద్దు. అండమాన్ జలాల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, మడ అడవి అంచున, చీకటివేళ ఈత పూర్తిగా మానుకోవాలి.

భోజనం విషయంలో పెద్దగా ఆలోచించవలసినది లేదు. బజారులోని చిన్న హోటళ్లలో అన్నం, పప్పు, కూర, చేప ముక్కతో బెంగాలీ థాలీ దొరుకుతుంది, అక్కడి జనం తినేచోటే తినండి. అండమాన్‌కు కూరగాయలు పంపే దీవి కనుక శాకాహారులకు వంకాయ, బెండకాయ, గుమ్మడి తాజాగా దొరుకుతాయి. హిందీ అందరికీ అర్థమవుతుంది. వయసుకు తగినట్లు దాదా, దీదీ, మాషీ అని పిలిస్తే మాట ఇంకా చనువుగా సాగుతుంది. తీరంలో వేసుకునే ఈత దుస్తులతో బజారులోకి, ఇళ్ల మధ్యకు రావడం ఇక్కడివారికి ఇష్టం ఉండదు.

నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే సరిపడా తీసుకుని వెళ్లాలి. నీల్‌లో ఏటీఎం మీద, ఫోను చెల్లింపుల మీద పూర్తిగా ఆధారపడితే, సిగ్నల్ లేని రోజున భోజనానికి కూడా ఇబ్బంది. రోజూ వాడే మందులు, గాయాలకు మలాము, దోమలకూ ఇసుక ఈగలకూ పూత వెంట ఉంచుకోండి. దీవిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉన్నది గానీ, పెద్ద జబ్బు చేస్తే పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్లవలసిందే.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రోజు ఖాళీ ఉంచమని మొదట చెప్పినదానికి కారణం ఉన్నది. నేను వెళ్లినప్పుడు గాలి ఎక్కువగా ఉన్నదని సాయంత్రపు బోటు రద్దయింది, మరునాడు మధ్యాహ్నం గానీ చోటు దొరకలేదు. నాతో పాటు జెట్టీలో నిలబడిన ఒక కుటుంబానికి మరునాడు ఉదయమే విమానం. వారు కొత్త టికెట్లకు పెట్టిన సొమ్ముతో నీల్‌లో ఇంకో వారం ఉండవచ్చు.

తిరుగు రోజున గంట ముందే జెట్టీకి చేరండి. అంతకు ముందే సంచీలన్నీ ఒకసారి దులిపి, పిల్లలు దాచుకున్న గవ్వలు, శంఖాలు, పగడపు ముక్కలు తీరానికి తిరిగి ఇచ్చేయండి. పగడాలకు, చాలా రకాల శంఖాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉన్నది, విమానాశ్రయంలో సామాను తనిఖీలో అవి దొరికితే చిక్కులు తప్పవు. పైగా అలాంటి ఖాళీ గవ్వలనే ఇల్లుగా చేసుకుని బతికే సన్యాసి పీతలు ఆ తీరంలో వందల సంఖ్యలో తిరుగుతుంటాయి. వెంట తెచ్చిన ప్లాస్టిక్ సీసాలు, బిస్కెట్ కవర్లు మాత్రం దీవిలో వదలకుండా పోర్ట్ బ్లెయిర్‌కు తీసుకురండి.