బండి కదిలితే ఇంట్లో మోగేలా

గుంటూరు బ్రాడీపేటలో మాది మూడో అంతస్తు, బండి ఉండేది కింద సెల్లార్‌లో. పక్కింటివాళ్ల బండి పోయాక నాకూ టెన్షన్ పట్టుకుంది. సీటు కింద వైబ్రేషన్ సెన్సర్, రేడియో సిగ్నల్ పంపే 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ పెట్టాను; ఇంట్లో రిసీవర్, బజర్. టేబుల్ మీద బ్రహ్మాండంగా మోగింది. సెల్లార్ నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

రెండు రోజులు కనెక్షన్లు విప్పి బిగించాక వెలిగింది: యాంటెన్నానే పెట్టలేదు! ఆ సిగ్నల్ తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు, అంటే 17.3 సెంటీమీటర్ల వైరు ముక్క రెండు బోర్డులకూ సోల్డరింగ్ చేశాను. బండి వైపు వైరు ఛాసిస్ ఇనుముకు దూరంగా, సాగదీసి అంటించాను. మోగింది.

రాత్రి లారీ వెళ్లినా మోగింది, అది వేరే గోల. సెన్సర్ మీది చిన్న స్క్రూ కాస్త తిప్పితే సర్దుకుంది. వాచ్‌మన్ బండి తుడిస్తే ఇప్పటికీ మోగుతుంది. మోగనీ.