పుష్కరాల ముందు నాణేల వ్యాపారంలోకి దిగేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు

లంకెబిందెలో దొరికిన బంగారు కాసులని చెప్పి ఇత్తడి బిళ్లలు అంటగట్టిన వార్త ఒకటి మళ్లీ మా వైపు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మోసపోయినాయన అమాయకుడేం కాదండి, పాత నాణేలు కొని అమ్ముదామని దిగినాయన, కొనేముందు కంసాలి దగ్గరికెళ్లి గీటురాయి మీద గీయించుకుని మరీ కొన్నాడంట. అయినా డబ్బులెలా పోయాయంటే, గీయించిన రెండు కాసులూ నికార్సైన బంగారమే, రాత్రిపూట గబగబా చేతులు మారిన సంచిలో ఉన్నవి మాత్రం వేరే.

2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రి, కొవ్వూరు, నరసాపురం ఏ రేవుకెళ్లినా "గోదాట్లో దొరికిందండీ" అంటూ అరచేతిలో నల్లటి బిళ్ల పెట్టి చూపించేవాళ్లు తగులుతారు, మన కుర్రాళ్లు కొందరు ఇప్పట్నించే స్టాకు పోగేస్తున్నారు కూడా. దొంగ నాణేలుంటాయి, చూసి కొనండి లాంటివి నేను చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసినవే. నేను చూసినంతలో కొత్తవాళ్లని ముంచేది ఒకటే: రెండు పరీక్షించి రెండొందలకి డబ్బు కట్టడం.

కొనేటప్పుడు

బంగారం సంగతి పక్కన పెట్టండి, కొత్తవాళ్ల చేతికి ఎక్కువగా వచ్చేవి బ్రిటిష్ వెండి రూపాయిలు. విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి బొమ్మలవి. నూరు బిళ్లల సంచి తెస్తాడు, పైన ఓ పది అసలువి ఉంటాయి, మీరు వాటిని తిప్పి తిప్పి చూసి మురిసిపోతారు, అడుగున పోతపోసిన జర్మన్ సిల్వరు (పేరుకే సిల్వరు, వెండి ఉండదు) ఉంటుంది. పులస అని చెప్పి ఇలస అంటగట్టడం మనకి కొత్తా ఏంటి.

అందుకని ప్రతి బిళ్లా తూచాలి. మళ్లీ చెప్తున్నా, ప్రతి బిళ్లా. విక్టోరియా కాలం నుంచి 1939 దాకా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి 91.7 వంతులు. 1940 నుంచి 45 దాకా వచ్చినవాటిలో వెండి సగమే, బరువు మాత్రం అంతే, వాటికీ వీటికీ ఒకే రేటు కట్టేస్తే అక్కడే మునిగారు. 1946, 47వి నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటాయి. విక్టోరియా రూపాయి అతుక్కుందంటే దాన్ని అలాగే వెనక్కి ఇచ్చేయండి.

బరువు సరిపోయినంత మాత్రాన సరిపోదు. పాయింట్ తర్వాత రెండు అంకెలు చూపించే చిన్న తూకం మిషను కొనుక్కోండి. దానిమీద సగం గ్లాసు నీళ్లు పెట్టి సున్నా చేసి, బిళ్లని సన్నటి దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుక్కి గానీ అంచుకి గానీ తగలకూడదు. 91.7 వెండి అయితే 1.13 దగ్గర చూపిస్తుంది. 1.3 దాటిందంటే అది వెండి కాదు. అరిగిన బిళ్లయితే బరువు కొంచెం తగ్గుతుంది కాబట్టి మొత్తం బరువుని నీళ్లలో వచ్చిన అంకెతో భాగించి చూసుకోండి, 10.3 అటూఇటూ రావాలి. బిళ్లకి అర నిమిషం పని. నూరు బిళ్లలకి గంట పడుతుంది, అమ్మేవాడు గంట కూర్చోలేనంటే వాడి సంచి వాడికిచ్చి పంపించేయండి.

కాయితాలు

భూమిలో దొరికిందని చెప్పి ఎవరైనా తెస్తే అసలు ముట్టుకోవద్దు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి రాసివ్వాలి, దాస్తే జైలు. నిజంగా దొరికిందైతే అది మీరు కొనకూడనిది, అబద్ధమైతే కొనక్కర్లేనిది.

వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. వాటితో వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించకూడదు. దుబాయిలో ఉన్న బావమరిదికి పార్సిల్ చేసే ఆలోచనుంటే మానుకోండి.

అమ్మినవాడి పేరు, ఆధార్ కాపీ, సంతకం, సరుకు ఫొటోలు ఉండాల్సిందే. దొంగసొత్తు అయితే పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు.

ఇంక వరసగా చెప్పేస్తా, గుర్తుకొచ్చినవి గుర్తుకొచ్చినట్టు.

కడగొద్దు. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, పీతాంబరి అస్సలు వద్దు, తళతళలాడే విక్టోరియాని తెలిసినవాడెవడూ మంచి రేటుకి కొనడు.

మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టొద్దు, మన తేమకి ఆకుపచ్చ జిగురు పట్టేస్తుంది. నరసాపురం, అంతర్వేది వైపు వాళ్లు సిలికా జెల్ ప్యాకెట్లు మారుస్తూ ఉండండి.

కాసులపేరులోంచి తీసిన రూపాయికి అంచు మీద టంకం మచ్చ ఉంటుంది, దాన్ని వెండి రేటుకే కొనండి.

అరుదైన 1939 రూపాయి అని చెప్పి తెస్తే చివరి 9ని భూతద్దంలో చూడండి, 8ని దిద్ది 9 చేసినవి తిరుగుతున్నాయి.

రాముడు, హనుమంతుడు ఉన్న 1818 ఈస్టిండియా కంపెనీ అర్ధణా అంటే దణ్ణం పెట్టి వదిలేయండి, కంపెనీ అలాంటిది ముద్రించనే లేదు.

రైస్ పుల్లింగ్ (బియ్యాన్ని లాగే మహిమగల పాత్ర అంటూ చేసే మోసం), ఇరిడియం అనే మాట వినపడితే లేచి వచ్చేయండి. డెమో కూడా చూడొద్దు.

పాలకొల్లులో డచ్చోళ్లు ఉండేవాళ్లు కాబట్టి వీఓసీ, అంటే డచ్చి ఈస్టిండియా కంపెనీ, గుర్తున్న ప్రతి రాగి బిళ్లా అక్కడిదే అనుకోవద్దు.

మీ వైష్ణోదేవి అయిదు రూపాయల బిళ్ల లక్షలకి కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అంటే అది దొంగ ఫోనే. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పినా సరే. తన పేరుతో కమీషనూ టాక్సూ అడిగేవాళ్లని నమ్మొద్దని 2021లో బ్యాంకే ప్రకటన ఇచ్చింది.

అప్పు చేసి లాటు కొనొద్దు. భార్య గాజులు తాకట్టు పెట్టి అసలే వద్దు.

రాత్రిపూట కొనొద్దు. కారులో కూర్చుని కొనొద్దు. "ఇంకో పార్టీ వెయిటింగ్‌లో ఉంది" అంటే ఆ పార్టీకే ఇమ్మనండి.

తూచిన సంచి మీ కళ్లముందునుంచి ఒక్క క్షణం కూడా కదలకూడదు, టీ తాగొద్దాం రండంటే టీయే ఇక్కడికి తెప్పించమనండి. సంచి కదిలిందా, మళ్లీ మొదటి బిళ్ల నుంచి తూచాల్సిందే, మొహమాటం లేదు.

రద్దయిన 500, 1000 నోట్లు సేకరణ పేరుతో అయినా 25కి మించి ఇంట్లో ఉండకూడదు, ఎవరైనా కట్టలు తెస్తే గుమ్మం దాటనివ్వొద్దు.