మావోరీ అర్జీ చదవడం, దానిపై ప్రాజెక్టు రాయడం ఎలా

పోడు మీదో, గిరిజన భూముల 1/70 చట్టం మీదో ప్రాజెక్టు రాసే హన్మకొండ, ములుగు విద్యార్థులు పోలిక కోసం న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల వైపు చూడడం మంచి ఆలోచనే. అయితే బ్రిటిష్ రాజ్యానికీ మావోరీ పెద్దలకూ మధ్య కుదిరిన 1840 నాటి వైతాంగి ఒప్పందం గురించి ఒక పేజీ రాసి, అక్కడి నుంచి నేరుగా, ఆ ఒప్పందం ఉల్లంఘనలపై ఫిర్యాదులు విచారించడానికి 1975లో వచ్చిన వైతాంగి ట్రిబ్యునల్‌కు దూకేస్తే, నడుమ 135 ఏళ్లు మావోరీలు ఊరుకున్నారనే అర్థం వస్తుంది. వాళ్లు ఊరుకోలేదు. గవర్నర్‌కు రాశారు, పార్లమెంటుకు రాశారు, బ్రిటన్ రాణికి రాశారు. ప్రాజెక్టుకు ప్రాణం ఆ అర్జీలే.

వీటి కోసం న్యూజిలాండ్ పోనక్కర్లేదు. ఆ దేశ జాతీయ గ్రంథాలయం నడిపే పేపర్స్ పాస్ట్ వెబ్‌సైటు ఉచితం. అందులో పత్రికల విభాగం, పార్లమెంటు పత్రాల విభాగం వేరువేరుగా ఉంటాయి. ముందు పార్లమెంటు పత్రాల్లోకి వెళ్లి, ప్రతినిధుల సభ అనుబంధ సంపుటాలు తెరవండి. ‘జి’ వరుసలో మావోరీ వ్యవహారాలు ఉంటాయి. ‘ఐ-3’ అనే గుర్తు కింద నేటివ్ అఫైర్స్ కమిటీ నివేదికలు ఉంటాయి. మావోరీల అర్జీలను విచారించింది ఈ కమిటీయే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఐ-3లో కనిపించేది అర్జీ కాదు, అర్జీకి కమిటీ గుమాస్తా రాసిన సారాంశం. అర్జీ నంబరు, మొదటి సంతకం చేసిన మనిషి పేరు, ‘మరి ఇంతమంది’ అన్న మాట, అడిగినదేమిటో రెండు మూడు వాక్యాలు, కింద కమిటీ నిర్ణయం. ‘సిఫారసు చేయవలసిందేమీ లేదు’ అన్న ముక్క మాటిమాటికీ ఎదురవుతుంది. దాన్ని పట్టుకుని ‘అర్జీలో పస లేదు’ అని రాస్తే ఘోరమైన అన్యాయం. కమిటీ చేతులు దులుపుకున్నదని మాత్రమే ఆ ముక్క చెబుతుంది. ఫిర్యాదు నిజమా కాదా అన్నది వేరే పత్రాల్లో వెతకాలి. అందుకే ఒక్కో అర్జీకి మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి: దొరికితే అర్జీ పూర్తి పాఠం, కమిటీ నివేదిక, ఆ భూమి తర్వాత ఎవరి చేతికి పోయిందో చెప్పే ఆధారం. మూడోది చాలాసార్లు వైతాంగి ట్రిబ్యునల్ నివేదికల్లో దొరుకుతుంది. అవీ ఉచితమే.

పేర్లు వెతకడం ఓపిక పని. మావోరీ అచ్చుల మీది దీర్ఘ గీతలు పాత అచ్చులో ఉండవు, కాబట్టి గీత లేకుండానే టైపు చేయండి. ఒకే మనిషికి మావోరీ పేరు, ఇంగ్లీషు పేరు రెండూ ఉండవచ్చు. హిరిని తైవంగ మరోచోట సిడ్నీ తైవంగ అవుతాడు. పేరుతో దొరక్కపోతే భూమి బ్లాకు పేరుతో వెతకండి. హపు, అంటే ఉపతెగ, పేరును కూడా నోటుబుక్కులో తప్పకుండా రాసుకోవాలి. మొదటి సంతకం ఒక్కరిదే అయినా మాట హపు మొత్తానిది కావచ్చు.

తర్వాత తేదీ చూడండి. ఏ చట్టం కింద జరిగిన నష్టం గురించి రాశారో తేదీని బట్టి తెలుస్తుంది. 1863 చట్టంతో తిరుగుబాటు పేరు చెప్పి భూములు జప్తు చేశారు. ఒక్క వైకాటోలోనే దాదాపు 12 లక్షల ఎకరాలు పోయాయి. 1865 చట్టం కింద నేటివ్ ల్యాండ్ కోర్టు పనిచేసిన తీరు వేరు. 5,000 ఎకరాల లోపు బ్లాకుకు పట్టా గరిష్ఠంగా పది మంది పేరునే ఇచ్చేది. మిగతా వందల మంది కాగితంలో లేరు. ఉమ్మడి భూమి పెద్దన్న పేరున పట్టా అయితే తమ్ముళ్లకు ఏమవుతుందో మన ఊళ్లలో ఎవరికీ వివరించనక్కర్లేదు. ఆ పది మంది అమ్మితే అందరి భూమీ పోయేది. 1873 చట్టం యజమానులందరి పేర్లూ రాయమంది, కానీ దాంతో కొనేవాళ్లు ఒక్కొక్కరినీ విడిగా లొంగదీసుకునే దారి తెరుచుకుంది. దీనికి తోడు సర్వే ఖర్చు భూమి మీదే పడేది. కోర్టు నడిచినన్ని రోజులూ పట్నంలో ఉండాలి, తిండికి అప్పు చేయాలి. అర్జీల్లో సర్వే బాకీల గోడు అంతగా వినిపించడానికి కారణం ఇదే.

కొలతలు మార్చకుండా వదిలేస్తే మన పాఠకుడికి ఏమీ అందదు. అక్కడ ఎకరానికి 4 రూడ్లు, రూడుకు 40 పెర్చ్‌లు. మన ఎకరానికి 40 గుంటలు. కాబట్టి రూడు అంటే 10 గుంటలు, 4 పెర్చ్‌లు కలిస్తే ఒక గుంట. పత్రంలో 3 ఎకరాల 2 రూడ్ల 12 పెర్చ్‌లు అని ఉంటే 3 ఎకరాల 23 గుంటలని రాయండి. డబ్బు లెక్కలో పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు.

ఈ లెక్క ఎందుకంటే, దక్షిణ ద్వీపానికి చెందిన ఙైతాహు తెగ ఉదాహరణ చూడండి. 1848లో కెంప్ దస్తావేజు కింద ప్రభుత్వం 2,000 పౌన్లిచ్చి సుమారు 1 కోటి 35 లక్షల ఎకరాలు తీసుకుంది. పెన్నీకి దాదాపు 28 ఎకరాలు. తెగకు వదిలింది 6,359 ఎకరాలు, తలకు పదెకరాల లెక్కన. మరుసటి ఏడే, 1849లో, మతియాహా తిరమోరెహు లెఫ్టినెంట్ గవర్నర్ ఐర్‌కు ఉత్తరం రాసి, వదిలిన భూమి చాలదని, పెంచాలని అడిగాడు. 1857లో విక్టోరియా రాణికీ రాశాడు. తరతరాలుగా ఆ తెగ రాస్తూనే ఉంది. 1985లో చట్టం మార్చి 1840 దాకా వెనక్కి వెళ్లి విచారించే అధికారం ట్రిబ్యునల్‌కు ఇచ్చారు. 1991 నివేదిక తెగ వాదనలో ప్రధాన భాగాన్ని సమర్థించింది. 1998లో 17 కోట్ల న్యూజిలాండ్ డాలర్లతో పరిష్కారం కుదిరింది. ప్రాజెక్టుకు ఒకే తెగను తీసుకోవాలంటే దీన్నే తీసుకోండి. కాగితాలు ఎక్కువ, కథ తెగకుండా సాగుతుంది.

రాజకీయ హక్కుల అర్జీలను భూమి అర్జీల నుంచి విడదీయకండి. 1867లో మావోరీలకు పార్లమెంటులో నాలుగు స్థానాలిచ్చారు. నాలుగు ఓట్లతో ఏ భూచట్టమూ ఆగదు. 1882లో తైవంగ, 1884లో మావోరీ రాజు తావియావో అర్జీలు పట్టుకుని లండన్ వెళ్లారు. స్వపరిపాలన గల మావోరీ జిల్లాలకు వీలిచ్చిన 1852 రాజ్యాంగ చట్టం 71వ సెక్షన్‌ను తావియావో అర్జీ ఆధారం చేసుకుంది. వలసల మంత్రి లార్డ్ డెర్బీ ఆయన్ను కలిశాడు, రాణి దర్శనం కాలేదు. వ్యవహారం చివరికి తిరిగి న్యూజిలాండ్ మంత్రుల దగ్గరికే చేరింది. ఎవరి మీద ఫిర్యాదో వాళ్లకే పంపడమన్నమాట. 1893లో మెరి తే తై మంగకాహియా మావోరీల సొంత పార్లమెంటులో స్త్రీలకు ఓటు, సభ్యత్వం కావాలని అడిగింది. స్త్రీలకూ సొంత భూములున్నాయన్నది ఆమె వాదనల్లో ఒకటి. ఆ ప్రసంగం చిన్నదే, పూర్తిగా చదవండి.

మన వైపుతో పోల్చేటప్పుడు తొందరపడొద్దు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాతే నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను గోండుల పరిస్థితి అధ్యయనానికి పిలిచింది. గోండుల చేతిలో వైతాంగి లాంటి ఒప్పందం లేదు, నాలుగు స్థానాలూ లేవు. ‘రెండూ ఒకటే’ అని రాసే ముందు ఈ తేడా ఒక పేరాలో చెప్పాలి. నిజాం కాలపు పత్రాలు చూడాలంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. వాటిలో చాలావరకు ఉర్దూ, ఫార్సీల్లో ఉంటాయి కాబట్టి చదివిపెట్టే మనిషిని ముందే చూసుకోండి. కాలేజీ నుంచి పరిచయ పత్రం కూడా వెంట పెట్టుకోండి.