సీజన్ మధ్యలో కొత్త ర్యాలీ కారు: సమస్య – పరిష్కారం

ఒక ర్యాలీకీ మరో ర్యాలీకీ మధ్య దొరికేది రెండు మూడు వారాలు. అందులో సగం పాత దెబ్బలు బాగుచేయడానికే సరిపోతుంది. మిగిలిన ఒకటి రెండు టెస్టు రోజుల్లో లక్షణం చూసి అసలు కారణం పట్టుకోవాలి. కింద చెప్పేవి మట్టి రోడ్ల మీద నడిచే ర్యాలీ2 తరగతి కారుకు, అంటే 1.6 లీటర్ల టర్బో ఇంజిన్, 32 మి.మీ. రెస్ట్రిక్టర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని పరిమితం చేసే మూతి), నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న కారుకు వర్తిస్తాయి.

టెస్టులో వేగం వచ్చింది, ర్యాలీలో రాలేదు

ముందు అనుమానించాల్సింది టెస్టునే. నాలుగు కిలోమీటర్ల ముక్క మీద పది సార్లు తిరిగితే పైనున్న వదులు కంకర పక్కకు పోయి గట్టి నేల తేలుతుంది. డ్రైవరుకు మలుపులు కంఠతా వస్తాయి. అందుకే సాయంత్రం బిగించిన భాగమేదైనా అద్భుతంగానే కనిపిస్తుంది!

పాత సెటప్, కొత్త భాగం, మళ్లీ పాత సెటప్ అనే వరసలో నడపండి. మొదటిసారి 3:05, కొత్త భాగంతో 3:03, తిరిగి పాతదానితో 3:01 వచ్చిందనుకోండి. కొత్త భాగం ఇచ్చింది సున్నా, ఆ సెకన్లన్నీ రోడ్డు ఇచ్చినవే. మూడో పరుగు వద్దని టైమ్ మిగుల్చుకునే జట్లే ఎక్కువ, ర్యాలీలో దెబ్బతినేదీ అక్కడే. మూడు పరుగులకూ ఒకే రకంగా అరిగిన టైర్లు, ఒకే పెట్రోలు ఉండాలి. 40 లీటర్ల తేడా అంటే దాదాపు 30 కిలోలు.

ముందు భాగం తిరగడం లేదు

డ్రైవరు ఇంతమాత్రమే చెబితే పాన పట్టుకోవద్దు. మలుపులోకి వెళ్తూనా, మధ్యలోనా, యాక్సిలరేటర్ తొక్కాకా అని అడగండి. బ్రేకు మీద ఉండగానే అయితే ముందు బ్రేకు పాలు ఎక్కువైందేమో, ముందు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల అమరిక, పొట్టిగా డిఫ్) యాక్సిలరేటర్ వదిలినప్పుడు మరీ గట్టిగా లాక్ అవుతోందేమో చూడాలి. మధ్యలో అయితే ముందు యాంటీ రోల్ బార్ (కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ), ఎత్తు, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలిన కోణం). తొక్కాక అయితే డిఫ్ ర్యాంపు (డిఫ్ ఎంత గట్టిగా లాక్ కావాలో నిర్ణయించే వాలు) యాక్సిలరేటర్ వైపు, లేదా వెనక భాగం కుంగి ముందు తేలిపోవడం.

ర్యాంపు మార్చే ముందు ఒక చవక పరీక్ష ఉంది. డిఫ్ బయటికి తీసి బెంచీ మీద టార్క్ రెంచితో ప్రీలోడ్ (లోడు లేకపోయినా లోపలి ప్లేట్లను బిగించి ఉంచే బలం) కొలవండి. ప్లేట్లు అరిగితే అది తగ్గిపోతుంది. కొత్తలో రాసిపెట్టుకున్న అంకె కన్నా బాగా తగ్గి ఉంటే మారింది డిజైను కాదు, ప్లేట్లు. ఆ అంకె రాసుకోని జట్టు ర్యాంపుల మీద ఒక టెస్టు రోజంతా పోగొట్టుకుంటుంది.

ఏడెనిమిది కిలోమీటర్లు బాగుంది, తర్వాత వెనక ఎగురుతోంది

డాంపర్ (స్ప్రింగు ఊగుడును అదుపు చేసే షాక్ అబ్జార్బర్) వేడెక్కి ఆయిల్ పల్చబడిందని అర్థం. రీబౌండ్ (డాంపర్ తిరిగి చాచుకునేటప్పటి బిగువు) రెండు క్లిక్కులు పెంచితే చివర్లో సర్దుకుంటుంది కానీ, స్టేజ్ (ర్యాలీలో టైము లెక్కపెట్టే రోడ్డు ముక్క) మొదట్లో చల్లటి డాంపర్ కర్రలా బిగుసుకుంటుంది. డాంపర్ ఒంటికి టెంపరేచర్ స్టిక్కరు అంటించండి. అది పూర్తిగా చల్లారాక నైట్రోజన్ ప్రెషర్ చూడండి. ప్రెషర్ సరిగ్గా ఉండి వేడి మాత్రమే ఎక్కువగా ఉంటే ఆయిల్, వాల్వింగ్ (డాంపర్ లోపల ఆయిల్ దారుల అమరిక) వైపు వెళ్లాలి. ప్రెషర్ పడిపోతే సీలు పోయింది. షాఫ్టు మీద గోటితో రాయండి, గోరు తట్టుకుంటే అది రాయి కొట్టిన గీత. సీలు మార్చి ఊరుకుంటే వచ్చే ర్యాలీలో అదే కథ. రాయి తగలకుండా గార్డు పెట్టాలి.

గెంతు దిగినప్పుడు కింద తగులుతుంటే షాఫ్టుకు ఒక జిప్ టై బిగించి నడపండి. అది బంప్ స్టాపు (చివర్లో అడ్డుకునే రబ్బరు ముక్క) దాకా జరిగితే ముందు 5 మి.మీ. ఎత్తు పెంచి చూడండి, స్ప్రింగు జోలికి తర్వాత.

బ్రేకు పెడల్ లోపలికి పోతోంది

ఇవి రెండు వేర్వేరు రోగాలు. వేడి మీద పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంటే ఫ్లూయిడ్ మరిగింది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా ఆగాలి, తేమ పీల్చుకున్నాక ఆ కనీసం 155 మాత్రమే. ప్రతి ర్యాలీకీ కొత్త ఫ్లూయిడ్ పోయండి.

మొదటి తొక్కుడుకు లోపలికి పోయి, రెండో తొక్కుడుకు గట్టిగా దొరికితే బ్రేకు పైపుల్లోంచి గాలి తీసి లాభం లేదు. గతుకుల్లో డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తోంది. చక్రం పైకెత్తి పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. లూజు ఉంటే బేరింగు. లూజు లేదంటే కొత్త నకిల్ (చక్రం బేరింగును పట్టుకునే భాగం) బరువు మీద వంగుతోందేమో, అది గాల్లో కనిపించదు. ఆ ర్యాలీ గట్టెక్కడానికి మలుపు ముందు ఎడమ కాలితో పెడల్‌ను తేలిగ్గా తట్టమనండి.

ఒకటి గట్టిచేస్తే ఇంకొకటి విరిగింది

కొత్త కార్లలో మామూలే. సస్పెన్షన్ కింది ఆర్మ్ విరుగుతోందని దాన్ని మందం చేస్తే, అదే దెబ్బ సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు బిగించే ఫ్రేము) బిగింపుల మీదికి చేరుతుంది. ఆర్మ్ పది నిమిషాల్లో మారుతుంది. సబ్‌ఫ్రేమ్ సర్వీసు టైమును, అంటే ర్యాలీ మధ్యలో రిపేరుకు దొరికే టైమును, మింగేస్తుంది. చవగ్గా, తొందరగా మారే భాగమే ముందు వంగేలా వదిలేయడం మంచిది. ఏది గట్టిచేసినా దాని పక్క వెల్డింగులను క్రాక్ టెస్టు చేయండి.

బూస్ట్ తగ్గింది

బూస్ట్ అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ప్రెషర్. రెస్ట్రిక్టర్ మూతి మూసేస్తే నడుస్తున్న ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకపోతే ఎక్కడో పైపు చిట్లిందో, క్లిప్పు జారిందో. తనిఖీ అధికారులు చేసే పరీక్షా ఇదే, కాబట్టి వాళ్ల కన్నా ముందు మీరే చేయండి.

భాగం బాగా పనిచేస్తోంది, మరి వాడొచ్చా?

1999లో ఫోర్డ్ ఫోకస్ డబ్ల్యూఆర్‌సీ (ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ కారు) తన తొలి ర్యాలీ మోంటే కార్లోలో స్టేజ్ టైములు బాగా పెట్టింది. వాటర్ పంపు నిబంధనలకు సరిపోలేదని లెక్కలోంచి తీసేశారు. అదే ఏడాది కెన్యాలో సఫారీ ర్యాలీని డ్రైవరు కోలిన్ మెక్‌రే అదే మోడల్‌తో గెలిచాడు. ర్యాలీ2లో హోమోలోగేషన్ అయిన (అధికారికంగా ఆమోదం పొందిన) భాగం మార్చాలంటే తయారీదారు జోకర్ (మార్పు చేసుకునే అవకాశం) వాడి అనుమతి తెచ్చుకోవాలి, అవి లెక్కపెట్టినన్నే ఉంటాయి. అందుకే టెస్టుకు బయలుదేరే ముందే కొత్త భాగాన్ని హోమోలోగేషన్ ఫారంలోని ఫొటో పక్కన పెట్టి పోల్చండి, కారును తూకం వేసి 1230 కిలోల కనీస బరువుకు తగ్గలేదని చూసుకోండి.