అనంతపురంలో ఉండి బాస్కెట్‌బాల్ కోచ్ కావాలంటే

కర్నూలు, కడప, అనంతపురం వైపు బాస్కెట్‌బాల్ కోచ్‌కు నెల జీతం ఇచ్చేవి ఎక్కువగా స్కూళ్లే. 2022లో మొదలైన ఐఎన్‌బీఎల్ (భారత జాతీయ బాస్కెట్‌బాల్ లీగ్) లాంటి లీగుల్లో జట్లు కొన్నే, సీజను కూడా చిన్నదే. అక్కడికి నేరుగా వెళ్లే దారి ఎవరికీ లేదు. ప్రైవేటు స్కూలు, రెసిడెన్షియల్ కాలేజీ, కేంద్రీయ విద్యాలయంలో కాంట్రాక్టు కోచ్ పోస్టు, ఆ తర్వాత బెంగళూరు క్లబ్బు, శాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) లేదా శాప్ (ఏపీ క్రీడా ప్రాధికార సంస్థ) నోటిఫికేషన్: మెట్లు ఈ వరుసలో ఉంటాయి. మొదటి ఐదారేళ్లు పద్నాలుగేళ్ల లోపు పిల్లలతోనే గడుస్తాయి. వాళ్లకు షూటింగ్, పాదాల కదలిక సరిగ్గా నేర్పగలిగినవాళ్లే పైకి వెళ్తున్నారు. పెద్ద జట్ల ప్లేలు (ముందే అనుకున్న ఎత్తుగడలు) బట్టీ పట్టి వచ్చినవాళ్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు.

ఆడే రోజుల్లోనే మొదలుపెట్టాల్సిన పని

అన్నిటికన్నా ముందు ఆట సర్టిఫికెట్లు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) అండర్-14, 17, 19 పోటీలు, జిల్లా సంఘం తరఫున ఆడిన రాష్ట్ర పోటీలు, ఎస్‌కే, జేఎన్‌టీయూ, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీల తరఫున ఆడిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, వీటన్నిటి ఒరిజినల్స్ ఒక ఫైల్లో ఉండాలి. పదో తరగతి మార్కుల మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీ, ఇంటిపేరు పొడి అక్షరాలు ఆ సర్టిఫికెట్లలోనూ అలాగే ఉన్నాయో లేదో అందుకున్న రోజే చూసుకోండి. నాలుగేళ్ల తర్వాత దిద్దించుకోవాలంటే అప్పుడు సంతకం పెట్టిన కార్యదర్శి ఆ పదవిలో ఉండకపోవచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి హిందూపురం పిల్లవాడో, నంద్యాల అమ్మాయో ఏ జిల్లా కింద ఆడాలన్నది సెలక్షన్లకు ముందే సంఘాన్ని అడిగి తేల్చుకోవాలి.

చదువు విషయానికొస్తే రెండు దారులున్నాయి. ఒకటి, ఏపీ పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీపీఈడీ, అంటే వ్యాయామ విద్య డిగ్రీ. దీనితో డీఎస్సీలో వ్యాయామ ఉపాధ్యాయ పోస్టుకు అర్హత వస్తుంది, ప్రైవేటు స్కూళ్లు కూడా మొదట అడిగేది ఇదే. రెండోది, 1961లో ఏర్పడిన పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) ఇచ్చే స్పోర్ట్స్ కోచింగ్ డిప్లొమా. శాయ్ కోచ్ పోస్టుకైనా, పేరున్న అకాడమీకైనా దీని విలువ వేరు. అందులో చేర్చుకునేటప్పుడు డిగ్రీతో పాటు ఆడిన స్థాయిని చూస్తారు, శారీరక పరీక్ష, ఆటలో నైపుణ్య పరీక్ష పెడతారు. ఏ కేంద్రంలో బాస్కెట్‌బాల్ ఉందో ఆ ఏటి ప్రకటనలో చూసుకుని దరఖాస్తు చేయాలి. ఏడాదంతా ఊరు వదలలేనివాళ్లకు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది. అయితే అది డిప్లొమాకు సమానం కాదు, ఉద్యోగ ప్రకటనలో ఏది అడిగారో చదివాకే ఫీజు కట్టండి.

వీలైతే బీపీఈడీ ముందు, ఎన్‌ఐఎస్ తర్వాత చేయడం మేలు. చేతిలో ఉపాధి ఉంటుంది, పిల్లలకు రెండేళ్లు నేర్పి వెళ్తే అక్కడ చెప్పేది ఎక్కువ బుర్రకెక్కుతుంది. ఈలోపు జిల్లా స్థాయిలో రిఫరీగా, స్కోరు టేబుల్ దగ్గర పని చేయండి. రూల్సు అంత గట్టిగా ఇంకెక్కడా రావు.

కోర్టును టేపుతో కొలవండి

కొత్త స్కూల్లో చేరిన మొదటి రోజు రింగు ఎత్తు కొలవండి. 3.05 మీటర్లు ఉండాలి. పిల్లలు వేలాడి వేలాడి రింగు ముందుకు వంగి ఉంటుంది. ఆ రింగుకు అలవాటు పడిన బంతి సరైన రింగు మీద ముందు అంచుకు తగిలి వెనక్కి వస్తుంది. ఫ్రీ త్రో గీత బోర్డు ముఖం నుంచి 4.6 మీటర్లు. బోర్డు నుంచి తూకం దారం వదిలి నేల మీద కొలవాలి, ఎండ్ లైన్ నుంచి కొలిస్తే స్తంభం వంగిన కోర్టుల్లో లెక్క తప్పుతుంది. పాత సిమెంటు కోర్టుల్లో ఇంకా 6.25 మీటర్ల త్రీ పాయింట్ గీత, కింద వెడల్పుగా ఉండే పాత కీ (రింగు ముందు గీసిన పెట్టె) ఉంటాయి. 2010లో ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) వీటిని మార్చింది. ఇప్పుడు గీత 6.75 మీటర్లు, కీ 4.9 మీటర్ల వెడల్పున్న దీర్ఘచతురస్రం. రెండు డబ్బాల రోడ్డు పెయింటుతో ఒక ఆదివారం పూట అయిపోయే పని ఇది.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు 5వ సైజు బంతి, 2.60 మీటర్ల రింగు ఇవ్వాలి. ఏడో సైజు బంతి ఇచ్చి మామూలు రింగుకు వేయమంటే బలం చాలక నడుము దగ్గర నుంచి రెండు చేతులతో విసురుతారు. ఆ అలవాటు పదహారేళ్లకు కూడా పోదు. అమ్మాయిలకు పెద్దయ్యాక కూడా 6వ సైజే.

ఇరవై నాలుగు మంది, ఎనిమిది బంతులు, రెండు రింగులు

మన స్కూళ్లలో దాదాపు ఇదే పరిస్థితి. కోచ్ పనితనం తేలేది కూడా ఇక్కడే. అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరూ పది సెకన్లకో షాట్ వేస్తే 16 నిమిషాల్లో 96 షాట్లు, అంటే పిల్లవాడికి నాలుగు. మిగతా సమయమంతా నిలబడి కబుర్లే. అదే పన్నెండు మందిని ఆరు జతలుగా చేసి, జతకో బంతి చొప్పున రింగుకు మూడు జతలు పెట్టండి. ఒకరు వేస్తారు, ఒకరు అందుకుని ఇస్తారు, పది షాట్లకు మారతారు. ఎనిమిది సెకన్లకో షాట్ పడినా 8 నిమిషాల్లో జతకు 60, పిల్లవాడికి 30. మిగతా పన్నెండు మంది సైడ్ లైన్ దగ్గర రెండు బంతులతో పాసింగ్, డిఫెన్స్ స్లైడ్లు (మోకాళ్లు వంచి పక్కకు జరగడం) చేస్తారు. ఎనిమిది నిమిషాలకు రెండు గుంపులూ చోట్లు మారాలి. అదే పదహారు నిమిషాల్లో నాలుగు షాట్ల బదులు ముప్పై.

షాట్ దూరం మొదటి నెలంతా రింగుకు మీటరున్నర దాటొద్దు. మోచేయి రింగు వైపు, చూపు రింగు మీద, వేసిన చేయి మణికట్టు దగ్గర వంగి గాల్లోనే ఆగాలి. దూరం పెంచమని పిల్లలు గోల చేస్తారు. పదిలో ఏడు పడేదాకా పెంచకండి.

గంటన్నర సెషన్లో మొదటి పది నిమిషాలు కదులుతూ చేసే వార్మప్, రెండు కాళ్ల మీద మెత్తగా దిగడం. తర్వాత పదిహేను నిమిషాలు ముగ్గురికో బంతి మీద వంతులవారీగా రెండు చేతులతో డ్రిబ్లింగ్, పైన చెప్పిన షూటింగ్, పదిహేను నిమిషాలు లేఅప్ (పరుగున వచ్చి రింగు దగ్గర నుంచి వేసే షాట్). ఎడమ చేతి లేఅప్‌కు కుడిచేతితో సమానంగా సమయం ఇవ్వాలి. చివరి అరగంట హాఫ్ కోర్టులో ముగ్గురికి ముగ్గురు. ఐదుగురికి ఐదుగురు ఆడిస్తే గట్టి పిల్లలిద్దరే బంతి పట్టుకుంటారు, తక్కినవాళ్లు అటూ ఇటూ పరుగెడతారంతే.

ఎండ సంగతి మరవకండి. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున 5:30కు మొదలుపెట్టి ఏడింటికల్లా ముగించాలి, సాయంత్రం అయితే ఐదున్నర తర్వాతే. పదిహేను నిమిషాలకోసారి నీళ్లు, అయిపోయాక ఉప్పు వేసిన మజ్జిగ. సిమెంటు మీద రోజూ దూకుళ్లు చేయిస్తే మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది. వారంలో రెండు రోజులు దూకే డ్రిల్లులు పూర్తిగా మానేయండి. ఆషాఢం గాలికి కోర్టు మీద ఎర్రదుమ్ము పేరుకుంటుంది, ఊడ్వకుండా ఆడిస్తే చీలమండలు మడత పడతాయి.

అమ్మాయిల జట్టు ఉంటే ప్రయాణంలో మహిళా టీచరో, ఒక తల్లో తప్పక వెంట ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి పత్రం లేకుండా బస్సెక్కించొద్దు. 2012 నాటి పోక్సో చట్టం కోచ్‌కు పూర్తిగా తెలిసి ఉండాలి. పుట్టిన తేదీ సర్టిఫికెట్లు మీ కళ్లతో చూడండి. వయసు దాచిన పిల్లవాడితో గెలిచిన కప్పు ఆ పిల్లవాడికే చేటు.

మ్యాచ్ రోజు

ఫిబా రూల్స్ ప్రకారం మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు టైమవుట్లు. మొదటి సగంలో మిగిలినవి రెండో సగానికి రావు. కొత్త కోచ్‌లు దాచుకుని పోగొట్టుకుంటారు. ఎదుటి జట్టు వరుసగా ఎనిమిది పాయింట్లు కొడితే వాడేయండి. ఆ నిమిషంలో ఒక్క మాటే చెప్పండి. క్వార్టర్‌లో జట్టు ఫౌళ్లు నాలుగు దాటితే ఐదో ఫౌల్ నుంచి అవతలివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు. ఈ లెక్క రాయడానికి బెంచీ మీద ఒక పిల్లను కూర్చోబెట్టండి.

ముగ్గురికి ముగ్గురు ఆడే 3x3 పోటీలకు కూడా జట్టును పంపండి, బదులు ఆటగాడితో కలిపి నలుగురు చాలు. అక్కడ కోచ్ బెంచీ నుంచి చెప్పడానికి వీల్లేదు. మీరు నేర్పింది పిల్లలకు ఎంత ఎక్కిందో ఆ పది నిమిషాల్లో బయటపడుతుంది.

తర్వాతి మెట్టు

ప్రతి శనివారం పిల్లవాడికి 20 ఫ్రీ త్రోలు వేయించి పడినవెన్నో, ఎడమ చేతి లేఅప్‌లు పదికి ఎన్నో నోటు పుస్తకంలో రాయండి. జూన్‌లో, ఫిబ్రవరిలో అదే పిల్లవాడి షాట్ ఫోన్లో తీసి ఉంచండి. బెంగళూరు అకాడమీ వాళ్లు అడిగినప్పుడు ఈ పుస్తకం, ఈ వీడియోలు, సెషన్ ప్లాన్లు పట్టుకెళితే కప్పుల ఫొటోల కన్నా బాగా పనిచేస్తాయి. అక్కడ మొదట అసిస్టెంట్‌గానే తీసుకుంటారు. పెద్ద జట్ల ప్రాక్టీసు రోజూ దగ్గరగా చూడొచ్చు కాబట్టి జీతం కొంచెం తక్కువైనా ఒప్పుకోవచ్చు.

స్కూలైనా, అకాడమీ అయినా చేరే ముందు కాగితం మీద రాయించుకోవాల్సినవి: జీతం పది నెలలకా పన్నెండు నెలలకా, ఏప్రిల్, మే సంగతేమిటి, పోటీలకు వెళ్తే బస్సు చార్జీలు, భోజనం ఎవరిది, ఏడాదికి ఎన్ని బంతులు కొంటారు, రింగు విరిగితే ఎవరు వేయిస్తారు, కోచింగ్ గంటల్లో స్కూలు బస్సు డ్యూటీ, పరీక్ష డ్యూటీ వేస్తారా. చివరిదానికి నోటిమాట మీద ఒప్పుకోవద్దు.