మన పేరు మీద ఇంకెవరో: గుర్తింపు చోరీ లక్షణాలు, కారణాలు, సరిచేసే దారి

ఆధార్ నంబరు బయటపడిందంటే చాలు, ఖాతా ఖాళీ అయిపోతుందని భయపడతారు. నంబరు ఒక్కటే తెలిస్తే డబ్బు తీయలేరు. దానికి వేలిముద్రో, ఓటీపీయో తోడవ్వాలి. పాన్ సంగతి వేరు. కార్డు ఫోటో, పుట్టిన తేదీ, ఒక సెల్ఫీ దొరికితే మన పేరు మీద అప్పు పుట్టించడానికి ప్రయత్నించవచ్చు. అందుకే ఉన్నవన్నీ ఒకేసారి మార్చేయాలని కంగారు పడొద్దు. తేడా ఎక్కడ కనిపించిందో అక్కడి నుంచి వెనక్కి వెళ్లి, ఏది చేజారిందో పట్టుకోవాలి.

ఫోన్‌లో సిగ్నల్ పోయింది, అదే కంపెనీ సిమ్ ఉన్న పక్కవాళ్లకు బాగానే ఉంది

ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేసినా రాకపోతే, మన నంబరుకు ఎవరో డూప్లికేట్ సిమ్ తీసుకున్నారేమోనని అనుమానించాలి. ముందు ఇంట్లో వేరే ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కు చేసి నంబరు బ్లాక్ చేయించాలి. వెంటనే బ్యాంకుకు చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ, కార్డు ఆపించాలి. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపాలన్న నిబంధన ఉంది. ఆ ఒక్క రోజు గడువు మనకు మిగిలే అవకాశం. అయితే కాల్స్ మాత్రం దొంగకే వెళ్తాయి, కాల్‌లో ఓటీపీ చెప్పించుకునే సేవలూ ఉన్నాయి. కాబట్టి పొద్దున్నే షోరూమ్‌కు వెళ్దాంలే అని ఊరుకోకూడదు.

సిగ్నల్ ఉండి కాల్స్ మాత్రం రాకపోతే అది కాల్ ఫార్వర్డింగ్ కావచ్చు. కొరియర్ అబ్బాయినని చెప్పి *401* తో మొదలయ్యే నంబరు నొక్కించడం పాత ఎత్తు. *#21# నొక్కితే ఫార్వర్డింగ్ ఉందో లేదో తెలుస్తుంది, ##002# నొక్కితే మొత్తం రద్దవుతుంది.

ఓటీపీ రాలేదు, లింకు నొక్కలేదు, అయినా డబ్బు పోయింది

మెసేజ్‌లో గానీ పాస్‌బుక్‌లో గానీ ఏఈపీఎస్ (ఆధార్‌తో బ్యాంకు ఖాతా నుంచి డబ్బు తీసే పద్ధతి) అని కనిపిస్తే, అది వేలిముద్రతో తీసిన డబ్బు. ఒక్కో విత్‌డ్రాకు పరిమితి 10,000 రూపాయలు. అందుకే వరసగా రెండు మూడు సార్లు తీసినట్టు కనిపిస్తుంది.

వేలిముద్ర ఎలా దొరుకుతుందని అడుగుతారు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో వేలిముద్ర, ఆధార్ నంబరు రెండూ పక్కపక్కనే ఉండేవి. తెలంగాణలో 2018లో ఒక సిమ్ కార్డుల వ్యాపారి ఆన్‌లైన్‌లో దొరికిన దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకళ్లు తయారుచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం. అందుకే దీనికి మందు తాళమే.

ఆధార్ అధికారిక యాప్‌లో గానీ మైఆధార్ పోర్టల్‌లో గానీ 'బయోమెట్రిక్ లాక్' పెట్టాలి. ఆధార్‌కు మొబైల్ నంబరు లింకై ఉంటేనే ఇది కుదురుతుంది. అక్కడే 'అథెంటికేషన్ హిస్టరీ' తెరిస్తే గడిచిన 6 నెలల్లో ఆధార్‌ను ఏ రోజు, ఏ సమయంలో, వేలిముద్రతోనా ఓటీపీతోనా వాడారో కనిపిస్తుంది. మనం ఇంట్లో ఉన్న సమయంలో ఎక్కడో వేలిముద్ర పడి ఉంటే ఆ పేజీని దాచుకోండి, ఫిర్యాదుకు అదే ఆధారం.

లాక్ పెట్టాక రేషన్ షాపులో, పింఛను దగ్గర, సిమ్ షాపులో వేలిముద్ర పడదు, 330 అనే ఎర్రర్ వస్తుంది. మిషన్ పాడైందనుకుని గొడవ పడక్కర్లేదు. తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకుంటే సరిపోతుంది. నెలనెలా వేలిముద్ర వేసే పెద్దవాళ్లకు లాక్ పెడితే, అన్‌లాక్ చేసిపెట్టే మనిషి ఇంట్లో ఉండాలి.

పోయిన డబ్బు గురించి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. 2017 నాటి ఆర్‌బీఐ ఆదేశం ప్రకారం, మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్ల వల్ల జరిగిన మోసాన్ని 3 పనిదినాల్లోపు తెలియజేస్తే మనపై భారం ఉండదు. ఆలస్యమయ్యేకొద్దీ భారం మన మీదికి వస్తుంది.

తీసుకోని అప్పుకు రికవరీ ఫోన్లు, సిబిల్ స్కోర్ పడిపోవడం

మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలే క్రెడిట్ బ్యూరోలు. దేశంలో అవి నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. సిబిల్ ఒక్కటే చూసి వదిలేస్తారు గానీ, దొంగ అప్పు ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోవచ్చు. స్కోర్ కంటే ముందు అడ్రసులు, ఫోన్ నంబర్ల భాగం చూడండి. మనది కాని నంబరు అక్కడ ఉంటే తీగ దొరికినట్టే. తర్వాత 'ఎంక్వైరీలు', అంటే అప్పు దరఖాస్తు వచ్చినప్పుడు ఏ సంస్థ మన రిపోర్టు అడిగిందో, చూడాలి. ఎంక్వైరీ ఉండి అప్పు లేకపోతే, ఎవరో ప్రయత్నించారని అర్థం.

ఏజెంటు పోరు పడలేక ఒక్క ఈఎంఐ కూడా కట్టొద్దు. కడితే అప్పు ఒప్పుకున్నట్టు వాదిస్తారు. అప్పిచ్చిన సంస్థ గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టి మూడు అడగండి: ఏ కేవైసీ పత్రాలు తీసుకున్నారు, ఏ ఫోన్ నంబరు వాడారు, డబ్బు ఏ ఖాతాలో వేశారు. ఆ ఖాతా మనది కాకపోతే సగం కేసు గెలిచినట్టే. అప్పు కనిపించిన ప్రతి బ్యూరోలోనూ 'డిస్ప్యూట్' (అభ్యంతరం) వేయాలి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. సంస్థ 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఆదాయపు పన్ను పోర్టల్‌లో మనకు రాని ఆదాయం

ఏఐఎస్ (మన పాన్ మీద నమోదైన ఆదాయాలు, లావాదేవీల వార్షిక జాబితా) తెరిచి, మనది కాని ఎంట్రీ పక్కన అది మనది కాదని ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలి. జీఎస్టీ పోర్టల్‌లో మన పాన్‌తో వెతికితే మన పేరు మీద ఎవరైనా రిజిస్ట్రేషన్ తీసుకున్నారో లేదో కనిపిస్తుంది.

మనకు తెలియని సిమ్‌లు

టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో ఓటీపీతో లాగిన్ అయితే మన పేరు మీదున్న నంబర్ల జాబితా వస్తుంది. సాధారణంగా ఒకరికి 9 వరకే అనుమతి. తెలియనిదానికి 'నా నంబరు కాదు' అని పెట్టండి. తొందరపడి అమ్మ వాడుతున్న సిమ్‌కు పెట్టేరు, అది కట్ అవుతుంది.

డబ్బు పోయిన ఏ సందర్భంలోనైనా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం చేతిలో ఉంచుకోండి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దూకకముందే ఆపడమే ఆ కాల్ ఉద్దేశం. పోలీసు ఫిర్యాదులో సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 66సి సెక్షన్ ప్రస్తావించండి. గుర్తింపు చోరీకి 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అందులోనే ఉన్నాయి.

కాగితాలు బయటికి ఇచ్చేటప్పుడు

చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలాచోట్ల సరిపోతుంది. జిరాక్స్ మీద ఎవరికి, దేనికి, ఏ తేదీన ఇచ్చామో ఫోటో మీదుగా పడేలా రాయండి. మోసాన్ని పూర్తిగా ఆపదు, కానీ ఆ కాపీని వేరేచోట వాడటం కష్టమవుతుంది. ప్రింటు కోసం షాపువాళ్లకు వాట్సాప్‌లో కార్డు పంపితే, పని అయ్యాక 'అందరికీ డిలీట్' కొట్టి, వాళ్ల కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ నుంచి, రీసైకిల్ బిన్ నుంచి కూడా మన ఎదురుగానే తీయించండి.